ప్లస్ టూ బస్సులో ఇంజినీరమ్మ

గురుబరపల్లిలో వరదప్ప ఇంటి గోడకు మూడు పటాలు ఉన్నాయి. ఒకటి వెంకటరమణస్వామిది, ఒకటి పోయిన పెద్దాయనది, మూడోది తాలూకా ఆఫీసువాళ్ళు ఇచ్చిన సర్టిఫికెట్టు. మొదటి రెండింటికీ శుక్రవారాలు పూలు పెడతారు. మూడోదాన్ని మాత్రం వరదప్ప తల్లి ఆదిలక్ష్మమ్మ రోజూ కొంగుతో తుడుస్తుంది. ఈ కుటుంబంలో మొట్టమొదట డిగ్రీ చదవబోయేది ఫలానా వరదప్ప కూతురు నందిత అని తమిళంలో రాసి, గుండ్రటి ముద్ర వేసిన కాగితం అది. తమిళనాడులో దాన్ని ఇంటికి ఒక్కరికే ఇస్తారు, ఫీజులో రాయితీ వస్తుంది. రాయితీ సంగతి వరదప్ప చూసుకున్నాడు. ముద్ర సంగతి ఆదిలక్ష్మమ్మ చూసుకుంది.

ఆ కాగితం కోసం మనవరాలి వెంట తాలూకా ఆఫీసుకు పోయింది కూడా ఆమే. మీ ఇంట్లో ఇంతకు ముందు డిగ్రీ చదివినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని గుమస్తా అడిగితే ఆమె కాసేపు నిజాయితీగా ఆలోచించింది.

"మా వంశంలో చదువంటే నాలుగో క్లాసు తప్పినోడు ఒకడుండాడు సామీ, నా మరిది. వాన్ని కూడా లెక్కలోకి ఎత్తుకోవల్లనా?"

గుమస్తా నవ్వి ముద్ర వేశాడు. ఆ రోజు నుంచి ఆదిలక్ష్మమ్మ దృష్టిలో నందిత ఇంజినీరే. చదువు పూర్తి కావడానికి ఇంకా నాలుగేళ్ళు ఉందన్నది ఆమెకు చిన్న విషయం. రేషన్ అంగడి వరుసలో, పాల డిపోలో, పశువులకు సూదేసే డాక్టరు దగ్గర, ఎక్కడ నిలబడితే అక్కడ చెప్పేసింది.

నాలుగేళ్ళూ గడిచాయి. నందిత మెకానికల్ ఇంజినీరై కాలేజీ నుంచి బయటికి వచ్చింది. మార్కులు బాగానే ఉన్నాయి, ఉద్యోగమే రాలేదు. దానికి కారణాలు పెద్దవాళ్ళు పెద్దపెద్దవి చెబుతారు గానీ, ఒక చిన్న కారణం హైవే పక్కన, టీ అంగడికీ పంచర్ అంగడికీ మధ్య కూర్చుని ఉంది. అది నాగేశప్ప బ్రౌజింగ్ సెంటర్.

నాగేశప్ప మంచివాడు, పనిమంతుడు. ఆధార్ మార్పులు, బస్సు టికెట్లు, ఉద్యోగాల దరఖాస్తులు అన్నీ ఆయన చేతి మీదుగానే పోతాయి. కానీ ఆయన కంప్యూటర్లో రెజ్యూమె ఒక్కటే ఉంది. పదేళ్ళ కిందట ఎవరో చేయించుకుని పోయింది. ఎవరు వచ్చినా అందులో పేరు తీసి పేరు పెడతాడు. అందువల్ల గురుబరపల్లి నుంచి కుందారపల్లి దాకా పట్టభద్రులందరికీ ఆశయం ఒకటే, బలాలు ఒకటే, తీరిక వేళల్లో చేసే పనులూ ఒకటే. అందరూ పాటలు వింటారు, పుస్తకాలు చదువుతారు. నందిత ఆ రెజ్యూమెతో అరవై ఒక్క కంపెనీలకు అప్లై చేసింది. అరవై ఒకటోది పంపాక గానీ చూసుకోలేదు, అడుగున సంతకం పక్కన ఊరు ధర్మపురి అని ఉంది. ఆ ధర్మపురివాడు ఎవరో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. అతనికైనా ఉద్యోగం వచ్చి ఉంటుందని ఆశిద్దాం.

ఎనిమిది నెలలు చూసింది. ఒక్క కంపెనీ నుంచీ ఉలుకూ పలుకూ లేదు.

రోజూ పొద్దున అయిదూ నలభైకి ఊరి స్టాపులో ఒక కంపెనీ బస్సు ఆగుతుంది. హోసూరు దారిలో కార్లకు వైర్ల కట్టలు తయారుచేసే ఫ్యాక్టరీది. ప్లస్ టూ, అంటే ఇంటర్ దాకా చదివిన ఆడపిల్లలను కాంట్రాక్టు మీద తీసుకుంటారు. వాళ్ళను చేర్పించే పని కూడా నాగేశప్పదే.

"డిగ్రీ ఉందని చెప్తే తీసుకోరమ్మా," అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "ఇంజినీరంటే రెండు నెలలకి వదిలేసి పోతారని వాళ్ళకి భయం. ప్లస్ టూ అని వేస్తాను. అబద్ధమేముంది, చదివినావు కదా. ప్లస్ టూ లేకనే ఇంజినీరైనావా?"

"అట్లయితే ఆ నాలుగేండ్లూ యాడ ఉన్నానని వేస్తావన్నా?"

"ఇంట్లో ఉన్నానని. ఈడ అందరూ అట్లనే వేస్తారు."

అది నిజం. లేని చదువు ఉన్నట్టు చూపించి ఉద్యోగం కొట్టేసేవాళ్ళు ఏ ఊళ్ళోనైనా దొరుకుతారు. ఉన్న చదువు లేనట్టు చూపించి పనిలో చేరేవాళ్ళను చూడాలంటే మా హోసూరు రోడ్డుకు రావాలి. బస్సు నిండా ఉంటారు. కిటికీ పక్కన బీకాం, డ్రైవరు వెనక బీఎస్సీ, అందరి మెడల్లోనూ ప్లస్ టూ కార్డులు.

నందిత ఒప్పుకుంది. తండ్రికి ఉన్నదున్నట్టు చెప్పింది. వరదప్ప టమేటా మడిలో వంగి కలుపు తీస్తూ, "నీ ఇష్టమమ్మా," అన్నాడు. అవ్వకు మాత్రం కంపెనీలో పని అని ఊరుకుంది. మిగిలింది అవ్వే పూరించుకుంది. మర్నాటికల్లా నందిత కంపెనీలో ఇంజినీరని రేషన్ అంగడికి తెలిసింది. ఆ ఫ్యాక్టరీలో ఇంజినీర్లకు బూడిదరంగు కోటు, లైను మీది ఆపరేటర్లకు నీలం కోటు. నందిత ఒంటి మీద నీలం కోటును ఊరంతా చూసింది. ఒక్కరూ ఆదిలక్ష్మమ్మతో ఆ మాట అనలేదు. ఊళ్ళవాళ్ళు ఎదుటివాళ్ళ గుట్టు రట్టు చేస్తారని అందరూ అంటారు గానీ, ఇలా దాచి పెట్టడం కూడా వాళ్ళకు తెలుసు.

ఇక పని సంగతి. కారులో దీపాలకూ హారన్‌కూ పోయే వైర్లన్నీ కలిపి జడలా కట్టేస్తారు. దాని పేరు హార్నెస్. నిలువెత్తు బోర్డు మీద మేకులు ఉంటాయి. వాటి మధ్య వైర్లు పరిచి, కొమ్మలు కొమ్మలుగా విడదీసి, టేపు చుట్టి దించాలి. నందితది ఏడో బోర్డు. లైను లీడరు రాజప్ప. డెంకణికోట వైపు మనిషి, ఏనుగులు వరసగా రెండేళ్ళు రాగి పైరు తొక్కేస్తే విసిగిపోయి ఫ్యాక్టరీకి వచ్చాడు. మాట తక్కువ, చూపు ఎక్కువ.

ఏడో బోర్డుకు ఒక జబ్బు ఉండేది. చాలా రోజుల్లో పది, పదకొండు కట్టలు వెనక్కి వచ్చేవి. పై కొమ్మ ఏడెనిమిది మిల్లీమీటర్లు పొట్టి. ఇంజినీర్లు వచ్చి టేపు మార్చారు. వైర్లు కోసే మెషీన్‌ను రెండుసార్లు విప్పి బిగించారు. పిల్లలకు ఒళ్ళు దగ్గర లేదని రాసుకుని పోయారు. నందితకు ఒళ్ళు మండింది. తన ఒళ్ళు ఎక్కడుందో తనకు తెలుసు, మునివేళ్ళ మీద ఉంది. ఆమె పొట్టి. పై మేకు దగ్గర టేపు చుట్టాలంటే కాళ్ళెత్తి, ఎడమ చేత్తో వైర్ల కట్టను పట్టుకుని సగం వేలాడాలి. ఆ బరువుకు పై కొమ్మలోని వైరు కాస్త కిందికి జారుతుంది, టేపు దాన్ని అక్కడే బిగించేస్తుంది.

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకుంది. ఏ రోజు, ఏ షిఫ్టు, బోర్డు దగ్గర ఎవరు, ఎన్ని వెనక్కి వచ్చాయి అని మూడు వారాలు రాసింది. పొడుగ్గా ఉన్న పిల్లలు నిలబడిన రోజుల్లో ఒకటో రెండో, పొట్టివాళ్ళ రోజుల్లో పది, పదకొండు. నాలుగో వారం సోమవారం, సరుకు పెట్టెల దగ్గర విరిగి పడి ఉన్న చెక్కపీట ఒకటి లాక్కొచ్చి, దాని మీద ఎక్కి పని చేసింది. ఆ రోజు ఏడో బోర్డు నుంచి ఒక్కటీ వెనక్కి రాలేదు.

రాజప్ప వచ్చి పీట చూశాడు. ఆమె కాళ్ళు చూశాడు. నోటు పుస్తకం అడిగి తీసుకుని నాలుగు పేజీలు తిప్పాడు.

"నువ్వు ప్లస్ టూనేనా అమ్మా?"

"అవునన్నా."

ఆయన పుస్తకం తిరిగి ఇచ్చేశాడు. నెల తిరిగేసరికి అన్ని బోర్డుల దగ్గరికీ రకరకాల ఎత్తుల పీటలు వచ్చాయి. ఇంకో నెలకు క్యాంటీన్ గోడ మీద 'ఈ నెల ఉత్తమ సలహా' కింద రాజప్ప ఫోటో వెలిసింది. ఆ రోజు నందితకు అన్నం సయించలేదు. కోపం రాజప్ప మీదో, ఇంట్లో ఉన్నానని రాయించుకున్న తన మీదో తేల్చుకోలేకపోయింది.

చేరిన పదమూడో నెలలో అదే గోడ మీద ఒక నోటీసు పడింది. గ్రాడ్యుయేట్ ఇంజినీర్ ట్రైనీలు కావాలి, పన్నెండు మంది, ఆన్‌లైన్లో దరఖాస్తు చేసుకోవచ్చు. నందిత ఆ సాయంత్రమే నాగేశప్ప దగ్గరికి పోయి ఫారం తెరిపించింది. రెండో పేజీలో ఒక ప్రశ్న ఉంది. ఈ కంపెనీలో ఇంతకు ముందు ఏ రూపంలోనైనా పనిచేశారా? దాని కింద ఎర్రటి అక్షరాల్లో హెచ్చరిక. తప్పుడు సమాచారం ఇస్తే ఏ రోజైనా తీసేస్తారు.

నాగేశప్ప క్షణం కూడా ఆలోచించలేదు. "లేదని వేస్తా ఉండాను. కాంట్రాక్టు లిస్టు వేరే, కంపెనీ లిస్టు వేరే. ఎవురికీ తెలీదు. ఉందని వేస్తే మొదలు నిన్ను బస్సులోనించి దించేస్తారు. ఉన్న పనీ పోతాది, ఆ పనీ రాదు."

"ఆగన్నా. వెయ్యొద్దు."

"మళ్ళా ఏంటికి?"

ఆమె తెర మీది రెజ్యూమె వంక చూసింది. అదే ఆశయం, అవే బలాలు, అవే పాటలు, అవే పుస్తకాలు. ఆ పదమూడు నెలలు తీసేస్తే తనకు మిగిలేది ధర్మపురివాడి రెజ్యూమె. తన బతుకులో తను చేసిన ఇంజినీరు పని అంటూ ఒకటే ఉంది, అది నీలం కోటులో ఉండగా చేసింది. దాన్ని దాచి ఉద్యోగం అడగడమంటే చేతులు వెనక్కి కట్టుకుని భోజనానికి కూర్చోవడమే అనిపించింది.

"రేపు నేనే రాసుకొస్తాను," అని లేచింది.

కానీ రాసే ముందు చెప్పాల్సిన మనిషి ఒకరు ఇంట్లో ఉన్నారు. మర్నాడు ఆదివారం. ఆదిలక్ష్మమ్మ వరండాలో కాళ్ళు చాపుకుని, నానబెట్టిన అనపగింజలు ఒక్కొక్కటే పితికి పొట్టు తీస్తోంది. నందిత పక్కన కూర్చుని తనూ నాలుగు పితికింది.

"అవ్వా, నేను ఆడ ఇంజినీరుగా లేను. ప్లస్ టూ పిల్లోళ్ళతో వైర్లు చుడతా ఉండాను."

అవ్వ చేతిలోని గింజ గిన్నె దాటి పోయి గడప దగ్గర పడింది.

"మీ నాయనకి తెలుసునా?"

"తెలుసు."

"బస్సులో వాళ్ళకి?"

"అందరికీ తెలుసు అవ్వా."

"అంటే నాకొక్కదానికే తెలీదు." ఆమె నాలుగు గింజలు గట్టిగా పితికింది, అవేం పాపం చేశాయో పాపం. "ఊరంతా తిరిగి అబద్ధం చెప్పినాను నేను. పాల డిపోలో చెప్పినాను. సూదేసే డాక్టరికి రెండుసార్లు చెప్పినాను. ఆ పక్కింటి గంగక్క నా ముఖం చూసి తల ఆడించిందే గానీ, లేదమ్మా అని ఒక్క మాట అనలేదు."

"నాదే తప్పు అవ్వా." నందిత కళ్ళు నిండాయి. "నువ్వు అట్ల చెప్పుకొంటా తిరుగుతా ఉంటే నాకు నోరు రాలేదు."

ఆదిలక్ష్మమ్మ గిన్నె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, లోపలి గోడ వంక చూసింది. ముద్ర ఉన్న పటం అక్కడి నుంచి కనిపిస్తుంది.

"ఈ వయసులో చెప్పిన మాట వెనక్కి ఎత్తుకోవాలంటే నాతో కాదు. యాడాడ చెప్పినానో నాకే జ్ఞాపకం లేదు. నువ్వే పోయి దాన్ని నిజం చేసుకొని రా."

నందితకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ మధ్యాహ్నమే కూర్చుని ఒక్క పేజీ రాసింది. ఆశయం లేదు, పాటలు లేవు. పేరు, చదువు, మార్కులు. తర్వాత, పదమూడు నెలలుగా మీ ఫ్యాక్టరీలోనే ఏడో బోర్డు దగ్గర కాంట్రాక్టు ఆపరేటరుగా పనిచేస్తున్నాను, చేరేటప్పుడు డిగ్రీ సంగతి చెప్పలేదు అని ఒక వాక్యం. తర్వాత పీట సంగతి, పీటకు ముందు రోజుకు ఎన్ని, పీట తర్వాత ఎన్ని. తెలిసిన భాషల దగ్గర ఇంగ్లీషు, తమిళంతో పాటు తెలుగు, కన్నడం కూడా వేసింది. అడుగున ఊరు గురుబరపల్లి.

నాగేశప్ప దాన్ని టైపు చేస్తూ నిట్టూర్చాడు. "ఇది రెజ్యూమెలా లేదమ్మా, పోలీస్ స్టేషన్లో రాసిచ్చినట్టుండాది."

"పంపన్నా," అంది నందిత. ఆయన పంపాడు.

ఆన్‌లైన్ పరీక్ష అయింది, పాసైంది. మూడు వారాలకు ఇంటర్వ్యూకు పిలిచారు. ఆ రోజు సెలవు పెట్టి, అదే బస్సులో, నీలం కోటు లేకుండా పోయింది. ఏడాదికి పైగా రోజూ దాటిపోయే ఆఫీసు భవనంలో మొదటిసారి అడుగు పెట్టింది. బల్లకు అవతల ఇద్దరు. ఒకరు హెచ్‌ఆర్ మేడం. రెండోవారు నాణ్యత విభాగం పెద్ద గురుమూర్తి, గుంటూరు వైపు నుంచి వచ్చినవారు.

మేడం కాగితం చదివి పక్కన పెట్టింది. "అంటే మీరు చేరిన రోజే మాకు అబద్ధం చెప్పారు," అంది తమిళంలో.

"దాచినాను మేడం. తప్పే," అంది నందిత, తనూ తమిళంలోనే. "డిగ్రీ ఉందంటే గేటు దాటనిచ్చేవాళ్ళు కారు. గేటు దాటినాక పనిలో ఏదీ దాచలేదు. ఇప్పుడు ఇది కూడా దాచలేదు."

గురుమూర్తి కళ్ళజోడు సర్దుకుని తెలుగులోకి దిగారు. "ఈ పీటల సలహా రాజప్పది కదమ్మా? ఆయనకు బహుమతి ఇచ్చింది నేనే."

ఇది వస్తుందని నందితకు తెలుసు. వారం రోజులుగా ఈ ప్రశ్నకు జవాబు తిప్పి తిప్పి అనుకుంది. రాజప్ప పేరు తన నోటితో చెడగొట్టకూడదని ఒక్కటే తేల్చుకుంది.

"ఎవురిదని నేను చెప్పడం ఏంటికి సార్. ఒకసారి ఏడో బోర్డు దగ్గరికి పోదాం రండి. ఆడ చూపిస్తాను."

ఇంటర్వ్యూకు వచ్చిన పిల్ల తమను లేపి నడిపిస్తుందని ఆ ఇద్దరూ అనుకుని ఉండరు. కానీ లేచారు. లైను మీది నీలం కోట్లన్నీ పని చేస్తున్నట్టే నటిస్తూ చెవులు ఇటు పెట్టాయి. రాజప్ప దూరంగా నిలబడిపోయాడు. నందిత పీటను కాలితో పక్కకు జరిపి, బోర్డు మీద వైర్లు పరిచి, గురుమూర్తి వంక చూసి తల అడ్డంగా ఆడించింది.

"మీరు పొడుగు సార్. మీ చేతిలో సరిగ్గానే వస్తాది. మేడం, మీరు చుట్టండి."

మేడం దాదాపు నందిత ఎత్తే. పట్టుచీర కొంగు బొడ్లో దోపుకుని, మునివేళ్ళ మీద లేచి, కట్టను పట్టుకుని వేలాడి, చెమటలు కక్కుతూ పై మేకు దగ్గర టేపు చుట్టింది. నందిత కట్ట దించి స్కేలు పెట్టింది. ఎనిమిది మిల్లీమీటర్లు పొట్టి. కొత్త వైర్లు పరిచి, పీట ముందుకు లాగింది. మేడం ఈసారి పీట ఎక్కి చుట్టింది. స్కేలు పెడితే గీత మీద గీత.

"మా ఒళ్ళు దగ్గర లేదని రాసుకొని పోయినారు సార్," అంది నందిత. "ఒళ్ళు దగ్గరే ఉండాది. నేలే దూరం."

గురుమూర్తి నవ్వలేదు. వెనక్కి తిరిగి రాజప్పను పిలిచి, ఈ లెక్క ముందు ఎవరు తీశారని అడిగారు. రాజప్ప నందిత ముఖం చూశాడు, తర్వాత నేల చూశాడు.

"ఆ పాపదే సార్. సలహా ఫారంలో ఎంప్లాయీ నంబరు గడి ఒకటుండాది. కాంట్రాక్టు వాళ్ళకి ఆ నంబరు ఉండదు. ఫారం పోవల్ల కదా అని నా నంబరు వేసినాను. నంబరు నాదైతే పేరూ నాదే పడింది, ఫోటోనూ నాదే పడింది. తీసెయ్యమని చెప్పల్ల అనుకొంటానే దినాలు గడిపేసినాను." ఆయన నందిత వైపు చెయ్యి చూపించాడు. "నోటు పుస్తకం ఉంటాది, చూడండి సార్."

నందితకు ఆ క్షణంలో రాజప్ప మీద ఉన్న కోపం పోయింది. ఆయనకూ తనకూ ఒకటే జరిగింది, ఫారంలో గడి చూసి ఇద్దరూ భయపడ్డారు.

ఆ తర్వాత పదకొండు రోజులు రోజూ నీలం కోటు వేసుకుని పోయింది. గేటు దగ్గర కార్డు పెట్టినప్పుడల్లా ఇవాళ ఎర్ర దీపం వెలుగుతుందేమో అనుకునేది. పన్నెండో రోజు భోజనం వేళకు ఫోన్లో రెండు మెయిళ్ళు వచ్చాయి. మొదటిది, విద్యార్హత దాచినందుకు హెచ్చరిక. ఆమె అన్నం ముద్ద చేతిలోనే పట్టుకుని రెండోది తెరిచింది. గ్రాడ్యుయేట్ ఇంజినీర్ ట్రైనీగా నియామకం, నాణ్యత విభాగం. రెండింటి కిందా మేడం సంతకమే. చీర చెమటతో తడిపినా ఆవిడ తన పని తాను వదలలేదు. నందిత ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆ రోజు పప్పులో ఉప్పు ఎక్కువైందని పక్కవాళ్ళు గొణిగారు గానీ ఆమెకేమీ తెలియలేదు.

బస్సులో రోజూ పక్కన కూర్చునే సింధు ఆ సాయంత్రం చెవి దగ్గరికి వంగి చెప్పింది.

"అక్కా, నేను ఎమ్మెస్సీ మ్యాథ్స్."

"పుస్తకం పెట్టుకో," అంది నందిత. "నీ బోర్డు దగ్గర ఏం జరుగుతుందో రేపట్నుంచి రాసుకో. ఫారం వచ్చినప్పుడు నేను కూర్చుంటాను నీ పక్కన."

కొత్త ఉద్యోగంలో మొదటి రోజు. ఇంజినీర్లకు ఎనిమిది గంటలకు వేరే బస్సు ఉంది గానీ, నందిత అయిదూ నలభై బస్సుకే తయారైంది. బూడిదరంగు కోటును ఆదిలక్ష్మమ్మ రాత్రే ఇస్త్రీ చేయించి పెట్టింది. అంతటితో ఆగక, తలకు ముసుగు వేసుకుని మనవరాలి వెంట స్టాపు దాకా నడిచి వచ్చింది. అక్కడ గంగక్క పాల క్యాను పక్కన పెట్టుకుని నిలబడి ఉంది. కోటు రంగు చూసింది.

"ఏమమ్మా ఆదిలక్ష్మమ్మా, నీ మనవరాలికి కొత్తగా ఇంజినీరు ఉద్యోగం వచ్చిందంటనే?"

ఆదిలక్ష్మమ్మ కొంగు సర్దుకుంది.

"కొత్తదేముంది గంగక్కా? మా పిల్ల ఇంజినీరని పోయినేడే చెప్పినాను కదా. కంపెనీవాళ్ళకే ఇప్పుడు తెలిసింది."